ఎస్టీమ్ ఇంజనుకు తక్కువ ఖర్చులో చిన్న టర్బో: ఎంపిక, కొలతలు, మార్పులు

పదహారు వాల్వుల ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండరుకు వేరుగా ఇంధనం చల్లే) ఇంజను ఉన్న పాత మారుతి ఎస్టీమ్‌కు, టర్బో వైపు మొత్తం ఖర్చు 65,000 రూపాయలు దాటకుండా, ఏ టర్బో (ఎగ్జాస్ట్ వాయువు టర్బైన్ చక్రాన్ని తిప్పితే, అదే షాఫ్టు మీది కంప్రెసర్ చక్రం ఇంజనులోకి అదనపు గాలిని నెట్టే యంత్రం) సరిపోతుందో తేల్చుకోవడానికి చేసిన పని వివరాలు ఇవి. ఇదే ఇంజనును గానీ, 1.2 నుంచి 1.4 లీటర్ల మరే పెట్రోలు ఇంజనును గానీ తీసుకున్నవారు ఈ లెక్కలను నేరుగా వాడుకోవచ్చు. పని అంతా విజయవాడ ఆటోనగర్‌లో జరిగింది కాబట్టి ధరలు అక్కడివి, పాత సామానువి.

మొదలుపెట్టేముందు ఒక మాట చెప్పాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చి రోడ్డు మీద నడపడం కుదరదు. ఈ కారు ట్రాక్ కోసం మాత్రమే. శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు దానిని ట్రాలీ మీద తీసుకువెళ్తాము.

దశ 1: ఇంజను స్థితి, గాలి లెక్క

టర్బో కోసం వెతకడానికి ముందే ఇంజను ఆ ఒత్తిడికి నిలుస్తుందో లేదో తెలియాలి. వేడి ఇంజను మీద, థ్రాటిల్ పూర్తిగా తెరిచి తీసిన కంప్రెషన్ కొలతలు వరుసగా 178, 176, 180, 174 పీఎస్ఐ వచ్చాయి. నాలుగింటి మధ్య తేడా నాలుగు శాతం లోపే ఉంది కాబట్టి లోపలి భాగాలను కదిలించలేదు. హెడ్ విప్పినప్పుడు దహన గదిని బ్యూరెట్‌తో కొలిచి, గాస్కెట్ మందాన్ని, పిస్టన్ పైభాగపు గుంతను కలుపుకుంటే ఒక్కో సిలిండరుకు 40.2 సీసీ వచ్చింది. ఒక్కో సిలిండరు 324.7 సీసీ కాబట్టి కంప్రెషన్ నిష్పత్తి 9.1. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు మార్చకుండా ఈ నిష్పత్తితో బూస్ట్ (బయటి గాలి పీడనం కన్నా టర్బో ఎక్కువగా ఇచ్చే పీడనం) 0.45 బార్ దాటకూడదని ముందే నిర్ణయించుకున్నాము. తర్వాత వచ్చిన లెక్కలన్నీ ఆ ఒక్క సంఖ్య మీదే నిలబడ్డాయి.

గాలి లెక్క ఇలా చేశాము:

1. బోరు 74 మి.మీ., స్ట్రోకు 75.5 మి.మీ., సిలిండర్లు నాలుగు. మొత్తం 1298 సీసీ.
2. 6000 ఆర్‌పీఎం దగ్గర సిలిండర్లు 85 శాతం నిండుతాయని అనుకుంటే, రెండు చుట్లకు ఒకసారి గాలి తీసుకుంటుంది కాబట్టి సెకనుకు 55.2 లీటర్లు.
3. 40 డిగ్రీల ఎండలో లీటరు గాలి బరువు 1.13 గ్రాములు. అంటే టర్బో లేకుండా ఇంజను సెకనుకు సుమారు 62 గ్రాముల గాలి పీలుస్తుంది.
4. ఇన్‌టేక్ మ్యానిఫోల్డులో (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) 0.45 బార్ కావాలి. ఇంటర్‌కూలర్‌లో (టర్బోలో వేడెక్కిన గాలిని చల్లార్చే భాగం) 0.05 బార్, ఫిల్టరులో 0.02 బార్ పోతాయి. కాబట్టి కంప్రెసర్ మీద పీడన నిష్పత్తి (దాటిన గాలి పీడనం, లోపలికి వచ్చే గాలి పీడనానికి ఎన్ని రెట్లో ఆ సంఖ్య) 1.52.
5. కంప్రెసర్ సామర్థ్యం 65 శాతమైతే గాలి 40 నుంచి 101 డిగ్రీలకు వేడెక్కుతుంది. ఇంటర్‌కూలర్ అందులో 60 శాతం తీసేస్తే మ్యానిఫోల్డుకు 64 డిగ్రీల గాలి చేరుతుంది.
6. ఆ ఒత్తిడి, ఆ వేడి దగ్గర లీటరు గాలి 1.51 గ్రాములు. కాబట్టి కావలసినది సెకనుకు 83.5 గ్రాములు.

ఇంత గాలితో క్రాంక్ దగ్గర సుమారు 105 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి శక్తి కొలత) వస్తుంది. చాలామంది ఇక్కడితో ఆగి, 105 పీఎస్ ఇవ్వగల టర్బో ఏదని అడుగుతారు. ఆ ప్రశ్నకు సమాధానాలు చాలా ఉంటాయి, వాటిలో ఎక్కువ ఈ ఇంజనుకు పనికిరావు. 2500 ఆర్‌పీఎం దగ్గర ఇదే ఇంజను తీసుకునేది సెకనుకు 35 గ్రాములు మాత్రమే. ఆ 35 గ్రాముల దగ్గర, కంప్రెసర్ పటంలో సర్జ్ గీతకు (గాలి మరీ తక్కువై వెనక్కు తన్నే హద్దు) కుడివైపున ఉండాలి, 83.5 గ్రాముల దగ్గర ఊపిరి ఆడాలి, రెండూ 1.52 నిష్పత్తి దగ్గరే జరగాలి. వెతకవలసినది ఈ మూడింటినీ తీర్చే టర్బోను.

ఈ దశ ఖర్చు: అయస్కాంత స్టాండుతో డయల్ గేజి 1,900, రెండు ప్రెషర్ గేజిలు, రాగి గొట్టం 1,100, కె రకం థర్మోకపుల్, మీటరు 1,600.
ఇప్పటివరకు మొత్తం: 4,600.

దశ 2: బరిలో ఉన్న టర్బోలు

ఆటోనగర్‌లోనూ ఆన్‌లైన్‌లోనూ మా ధరకు దొరికినవి ఐదు రకాలు.

మొదటిది 1248 సీసీ మల్టీజెట్ డీజిల్ ఇంజను 75 పీఎస్ రూపంలోని కేపీ35. ఈ ఇంజను మన దేశంలో స్విఫ్ట్ మొదలుకొని ఎన్నో కార్లలో వచ్చింది కాబట్టి స్క్రాప్‌లో అన్నిటికన్నా సులువుగా, 5,000 రూపాయలకే దొరుకుతుంది. స్థిరమైన టర్బైన్, లోపలే వేస్ట్‌గేట్ (బూస్ట్ మితిమీరకుండా ఎగ్జాస్ట్‌ను పక్కదారి పట్టించే మూత), చిన్న పరిమాణం ఉండడంతో చూడగానే సరిపోతుందనిపిస్తుంది. కానీ దీనికి నీటి చల్లదనం లేదు, నూనె ఒక్కటే ఆధారం.

రెండవది అదే ఇంజను 90 పీఎస్ రూపంలో వాడిన వేరియబుల్ జామెట్రీ టర్బో. టర్బైన్ చుట్టూ ఉన్న కదిలే రెక్కలు తక్కువ వేగంలో కూడా బూస్ట్ ఇస్తాయి. డీజిల్ ఎగ్జాస్ట్ సాధారణంగా 800, 850 డిగ్రీల లోపు ఉంటే, పూర్తి లోడులో పెట్రోలు ఎగ్జాస్ట్ 950 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి డీజిల్ కోసం చేసిన రెక్కల యంత్రాంగం పట్టేస్తుంది. పెట్రోలు ఇంజను మీద ఈ పద్ధతిని 2006లో పోర్షా 911 టర్బోలో బోర్గ్‌వార్నర్ నిలబెట్టింది, అయితే అందుకు వేడిని తట్టుకునే ప్రత్యేక మిశ్రమ లోహాలు కావలసి వచ్చాయి. స్క్రాప్ డీజిల్ టర్బోలో అవి ఉండవు కాబట్టి దీనిని అక్కడే వదిలేశాము.

మూడవది ఆన్‌లైన్‌లో కొత్తగా అమ్మే ఆర్‌హెచ్‌బీ31 నకలు. అసలు ఆర్‌హెచ్‌బీ31 ఐహెచ్ఐ వారిది, జపాన్‌లో 660 సీసీ పరిమితిలోని కేయి కార్ల తరగతికి సరిపోయే పరిమాణం. మన ఇంజను దానికి దాదాపు రెండింతలు. 4000 ఆర్‌పీఎం దాటేసరికి అది గాలిని తోయడం మాని వేడి చేయడం మొదలుపెడుతుంది.

నాలుగవది టీ25 కుటుంబం, దాని నకళ్లు. నిస్సాన్ ఎస్ఆర్20డీఈటీ లాంటి రెండు లీటర్ల ఇంజను మీద బాగా పనిచేసిన పరిమాణం ఇది. మన 1298 సీసీ ఇంజను దానిని తిప్పేసరికి 3500 దాటుతుంది, కావలసిన 0.45 బార్‌కు దాని సామర్థ్యంలో సగం కూడా వాడుకోలేము. పెద్దది కొంటే తర్వాత పనికొస్తుందన్న ఆలోచన చిన్న ఇంజన్ల విషయంలో డబ్బును పాతిపెట్టడమే అని నా గట్టి అభిప్రాయం.

ఐదవది ఫియట్ లీనియా టీ-జెట్‌లోని ఐహెచ్ఐ ఆర్‌హెచ్ఎఫ్3 రకం టర్బో. ఆ ఇంజను 1368 సీసీ పెట్రోలు, 114 పీఎస్, 2200 ఆర్‌పీఎం దగ్గరే 207 న్యూటన్ మీటర్ల టార్కు. సీసీ దాదాపు మనదే, ఇంధనం మనదే, గాలి అవసరం కూడా మనకు దగ్గరిదే. నీటి చల్లదనం ఉంది. ఇబ్బంది ధరలోనూ దొరకడంలోనూ ఉంది: ఆ కార్లు తక్కువగా అమ్ముడయ్యాయి కాబట్టి స్క్రాప్‌లో అరుదు, అడిగిన ధర కేపీ35కు మూడింతలు.

వోక్స్‌వ్యాగన్ 1.2 టీఎస్ఐ టర్బోను కూడా చూశాము. పరిమాణం సరిగ్గా ఉంది. అయితే దాని వేస్ట్‌గేట్ విద్యుత్ మోటారుతో కదులుతుంది, టర్బైన్ హౌసింగ్ ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డుతో కలిపి ఒకే పోతగా ఉంటుంది. దానిని వేరే హెడ్‌కు అమర్చే శ్రమకు మరో టర్బో కొనవచ్చు.

కాబట్టి పోటీ కేపీ35కూ ఆర్‌హెచ్ఎఫ్3కూ మధ్య మిగిలింది. చవకైన దానిని ముందు బిగించి కొలతలతో తేల్చాలని నిశ్చయించాము, ఎందుకంటే ఆటోనగర్‌లో పదిమందిలో తొమ్మిదిమంది దానినే సూచిస్తారు, కొలిచిన సంఖ్యలు మాత్రం ఎవరి దగ్గరా లేవు.

దశ 3: ఇంధనం వైపు పని

బూస్ట్ మొదలయ్యేముందే ఇది పూర్తి కావాలి. 105 పీఎస్‌కు, ఇంజెక్టర్లు 80 శాతం సమయమే తెరిచి ఉండాలన్న షరతుతో, ఒక్కొక్కటి నిమిషానికి 178 సీసీ ఇవ్వాలి. ఇప్పుడు దొరికే ఈ20 పెట్రోలుకు గాలి, ఇంధన నిష్పత్తి 14.7 కాక 13.5 దగ్గర ఉంటుంది కాబట్టి సుమారు తొమ్మిది శాతం కలిపితే 194 సీసీ. కారుతో వచ్చిన ఇంజెక్టర్లను శుభ్రం చేసే యంత్రం మీద 3 బార్ దగ్గర కొలిస్తే 158 సీసీ మాత్రమే వచ్చింది. అదే కనెక్టరు, అదే ఎత్తు ఉన్న 210 సీసీ పాత ఇంజెక్టర్లను మార్చాము. నియంత్రణకు ఆర్డ్యూనో మెగా మీద నడిచే స్పీడ్యునో బోర్డును, 250 కిలోపాస్కల్ మ్యాప్ సెన్సరును (మ్యానిఫోల్డు పీడనం కొలిచేది) వాడాము. వైడ్‌బ్యాండ్ సెన్సరును (ఎగ్జాస్ట్‌ను బట్టి గాలి, ఇంధన నిష్పత్తిని చెప్పేది) ఒక మిత్రుడి నుంచి అరువు తెచ్చుకున్నాము. కొత్తది కొనవలసివస్తే బడ్జెట్ దాటుతుంది, ఇది లెక్కలో పెట్టుకోండి.

ఈ దశ ఖర్చు: ఇంజెక్టర్లు, పరీక్ష 3,600, నియంత్రణ బోర్డు, సెన్సరు, వైరింగు 8,500.
ఇప్పటివరకు మొత్తం: 16,700.

దశ 4: స్క్రాప్ టర్బోను ఎంచే పద్ధతి

లారీ టర్బోలు బాగుచేసే ఒక పెద్ద మేస్త్రీ గారు మొదటే ఒక మాట అన్నారు: “షాఫ్టు ఊగడం వేలితో చూడకు బాబూ, గేజి పెట్టి చూడు. వేలు ఒక్కో రోజు ఒక్కో మాట చెబుతుంది.” ఆయన చెప్పిన క్రమాన్నే ఇక్కడ ఇస్తున్నాను.

1. కంప్రెసర్ రెక్కల అంచులను వెలుతురులో తిప్పి చూడాలి. ఒక్క అంచు చెదిరినా వద్దు. ఫిల్టరు లేకుండా నడిచిందని అర్థం.
2. రెండు హౌసింగ్‌ల లోపలి గోడ మీద చక్రం రాసుకున్న మెరుపు ఉందేమో చూడాలి. ఉంటే బేరింగ్ పోయినట్టే.
3. డయల్ గేజిని షాఫ్టు కొనకు నిలువుగా ఆనించి ముందుకు, వెనక్కు నెట్టాలి. ఈ పొడవాటి కదలిక 0.10 మి.మీ. దాటితే మేము తీసుకోలేదు.
4. పక్కకు ఊగడం నూనె లేని స్థితిలో ఎక్కువగానే కనిపిస్తుంది, అది మామూలే. ఊపుతూ తిప్పినప్పుడు చక్రం హౌసింగ్‌కు తగలకూడదు.
5. నూనె తిరిగివచ్చే రంధ్రంలోకి లైటు వేసి చూడాలి. నల్లటి బొగ్గు పెచ్చు కట్టి ఉంటే, వేడి ఇంజనును ఆపేసి వదిలిన బండిది అన్నమాట.
6. వేస్ట్‌గేట్ రంధ్రం చుట్టూ పగుళ్లు వెతకాలి. వెంట్రుకవాసి పగులు పెట్రోలు వేడికి పెద్దదవుతుంది.
7. సైకిలు పంపు, గేజి కలిపి ఆక్చుయేటరుకు (వేస్ట్‌గేట్ మూతను తెరిచే భాగం) గాలి ఇచ్చి, కడ్డీ ఎంత ఒత్తిడికి కదలడం మొదలుపెడుతుందో రాసుకోవాలి.

నకలు టర్బో అని అనుమానం వస్తే, వెర్నియర్‌తో కంప్రెసర్ చక్రానికి గాలి లోపలికి వచ్చే వైపు వ్యాసాన్ని, బయటికి పోయే వైపు వ్యాసాన్ని కొలిచి, మొదటి దానిని రెండవ దానితో భాగించి, వర్గం చేసి, వందతో గుణిస్తే ట్రిమ్ వస్తుంది. పెట్టె మీద రాసిన ట్రిమ్‌తో అది కలవకపోతే ఆ టర్బో గురించి మిగతా మాటలూ నమ్మనక్కరలేదు.

మాకు దొరికిన కేపీ35లో పొడవాటి కదలిక 0.06 మి.మీ. అంచులు, గోడలు శుభ్రంగా ఉన్నాయి.

దశ 5: కేపీ35 బిగించడం, వచ్చిన ఇబ్బందులు

ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డును 3.5 మి.మీ. మందం ఉన్న ఎంఎస్ (మైల్డ్ స్టీలు) సీమ్‌లెస్ బెండ్లతో చేయించాము. జీఐ పైపు చవకే గానీ దాని మీది జింకు వెల్డింగ్ వేడికి విషపు పొగ అవుతుంది, దానిని వాడకండి. హెడ్ వైపు ఫ్లాంజ్ 10 మి.మీ. మందంతో కోయించినా వెల్డింగ్ తర్వాత మధ్యలో 0.6 మి.మీ. వంగింది. దానిని మిల్లింగ్‌లో సమం చేయించి, సిలిండర్ల మధ్య ఫ్లాంజ్‌ను రంపంతో చీల్చాము. కారణం లెక్కలోనే ఉంది: 350 మి.మీ. ఉక్కు 600 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటు ఇవ్వకపోతే స్టడ్లు తెగుతాయి, లేకపోతే వెల్డు పగులుతుంది.

నూనె ఒత్తిడి స్విచ్ దగ్గర టీ జాయింటు పెట్టి టర్బోకు నూనె ఇచ్చాము. ఇక్కడ మొదటి ఇబ్బంది వచ్చింది. జపాన్ ఇంజన్లలో ఆ మర సాధారణంగా 1/8 బీఎస్‌పీటీ, అంగుళానికి 28 చుట్లు. దుకాణంలో ఇచ్చినది 1/8 ఎన్‌పీటీ, అంగుళానికి 27 చుట్లు. రెండూ చేతికి ఒకేలా ఉంటాయి, రెండు చుట్లు తేలికగా ఎక్కుతాయి, తర్వాత బిగుసుకుని చెమ్మ కారుతాయి. బలవంతంగా తిప్పితే బ్లాకు దగ్గరి అల్యూమినియం చీలుతుంది. మర చుట్లు కొలిచే గేజి పెట్టి సరైన యూనియన్ చేయించిన తర్వాతే ముందుకు కదిలాము.

రెండవ ఇబ్బంది పొగ. ఇంజను వేడెక్కగానే ఐడిలింగ్‌లో నీలి పొగ వచ్చింది, 2000 ఆర్‌పీఎంలో తగ్గింది. కొత్తవారు దీనిని చూసి టర్బో సీలు పోయిందని కార్ట్రిడ్జి (షాఫ్టు, బేరింగ్‌లు ఉండే మధ్య భాగం) మారుస్తారు. ఈ టర్బోల్లో రబ్బరు సీలు ఉండదు, పిస్టన్ రింగు లాంటి లోహపు రింగులే ఉంటాయి. నూనె కిందికి సులువుగా జారిపోతేనే అవి పనిచేస్తాయి. మా తిరుగు గొట్టం సంప్‌లో (ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి) నూనె మట్టానికి కింద చేరుతోంది, దారిలో ఒకచోట అడ్డంగా వంగి ఉంది. సంప్ విప్పి, గొట్టం చేరే రంధ్రాన్ని నూనె మట్టానికి 30 మి.మీ. పైకి మార్చి, లోపలి వ్యాసం 16 మి.మీ. ఉన్న గొట్టాన్ని ఎక్కడా సమతలం లేకుండా కిందికి వాలేలా అమర్చాము. కార్ట్రిడ్జి ముట్టకుండానే పొగ పూర్తిగా ఆగింది.

ఆ తర్వాత ట్రాక్ మీద మూడవ గేరులో తీసిన కొలతలు ఇవి. ఎగ్జాస్ట్ వెనుక ఒత్తిడిని, టర్బైన్‌కు ముందు మ్యానిఫోల్డులో రంధ్రం చేసి, చుట్టలు చుట్టిన రాగి గొట్టం ద్వారా గేజికి తెచ్చి కొలిచాము.

2000 ఆర్‌పీఎం: బూస్ట్ 0.31 బార్.
2600 ఆర్‌పీఎం: బూస్ట్ 0.44.
4500 ఆర్‌పీఎం: బూస్ట్ 0.43, వెనుక ఒత్తిడి 0.78.
5200 ఆర్‌పీఎం: బూస్ట్ 0.40, వెనుక ఒత్తిడి 1.15.
5800 ఆర్‌పీఎం: బూస్ట్ 0.33, వెనుక ఒత్తిడి 1.40.

కింద అద్భుతంగా ఉంది, పైన ఊపిరి ఆగింది. 5500 దగ్గర, బయట 38 డిగ్రీలు ఉండగా కంప్రెసర్ దాటిన గాలి 128 డిగ్రీలు ఉంది. అక్కడి పీడన నిష్పత్తికి ఆదర్శంగా పెరగవలసినది 37 డిగ్రీలు, పెరిగినది 90. అంటే కంప్రెసర్ సామర్థ్యం 41 శాతం.

75 పీఎస్ డీజిల్‌కు ఇది ఇచ్చే గాలి మనకు కావలసిన 83.5 గ్రాములకు దగ్గరిదే కదా, మరి ఎందుకు కుదరలేదన్న సందేహం సహజం. ఈ ప్రాజెక్టులో నేర్చుకోదగ్గదంతా ఆ సందేహం చుట్టూనే ఉంది. టర్బో ఇవ్వగల గరిష్ఠ గాలి ఒకే సంఖ్య కాదు, అది పీడన నిష్పత్తిని బట్టి మారుతుంది. డీజిల్ మీద ఆ చక్రం రెండుకు పైబడిన నిష్పత్తి దగ్గర, చాలా ఎక్కువ వేగంతో తిరుగుతూ ఆ గాలిని ఇస్తుంది. మనం 1.52 దగ్గర ఆగుతున్నాము. అక్కడ చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, కాబట్టి చోక్ గీత (అంతకు మించి గాలి పోలేని హద్దు) ఎడమకు జరిగి వస్తుంది, అదే గాలి ఆ చక్రంలోంచి దూరదు. తక్కువ బూస్ట్ కావాలంటే చిన్న టర్బో చాలుననే మాట నిజానికి తలకిందులు: ఒకే గాలికి, తక్కువ బూస్ట్ దగ్గర కాస్త పెద్ద కంప్రెసరే కావాలి.

టర్బైన్ వైపు కూడా ఇదే తంతు. ఒక టర్బైన్‌లోంచి పోగల వాయువు, దాని బరువును ఉష్ణోగ్రత వర్గమూలంతో గుణించి పీడనంతో భాగించిన విలువ మీద ఆధారపడుతుంది. డీజిల్ ఎగ్జాస్ట్ 700 డిగ్రీలు, మనది 930 డిగ్రీలు అనుకుంటే, అదే బరువు వాయువు పోవడానికి 11 శాతం ఎక్కువ చోటు గానీ 11 శాతం ఎక్కువ పీడనం గానీ కావాలి. ఆ పీడనం సిలిండరులో కాలిన వాయువును బయటికి పోనివ్వక నాకింగ్‌కు (ఇంధనం అదుపు తప్పి పేలడానికి) దారితీస్తుంది. 95 ఆక్టేన్ పెట్రోలుతో కూడా 5000 పైన ఇగ్నిషన్‌ను మూడు డిగ్రీలు తగ్గించవలసి (స్పార్క్‌ను ఆలస్యం చేయవలసి) వచ్చింది, అంటే బూస్ట్‌తో వచ్చిన లాభంలో కొంత అక్కడే పోయింది.

5000 ఆర్‌పీఎం దాటని వాడకానికి, ఒక లీటరు లోపు ఇంజనుకు ఈ టర్బో ఇప్పటికీ మంచిదే. జెన్‌లోని 993 సీసీ ఇంజనుకైతే నేను దీనినే సూచిస్తాను.

ఈ దశ ఖర్చు: టర్బో 5,000, మ్యానిఫోల్డు 6,200, నూనె గొట్టాలు, యూనియన్లు 3,400, ఒక డీజిల్ కారు పాత ఇంటర్‌కూలర్, అల్యూమినియం పైపులు, సిలికాన్ జాయింట్లు 7,300, తిరుగు గొట్టం మార్పు, గాస్కెట్లు, నూనె 1,450. టర్బోను తిరిగి అమ్మితే వచ్చినది 3,500.
ఇప్పటివరకు మొత్తం: 36,550.

దశ 6: ఆర్‌హెచ్ఎఫ్3

పొడవాటి కదలిక 0.05 మి.మీ., ఆక్చుయేటరు కడ్డీ 0.38 బార్ దగ్గర కదిలింది. అడిగిన ధర 16,500. మిగిలిన డబ్బులో ఇది పెద్ద భాగం. అయితే మ్యానిఫోల్డు, నూనె గొట్టాలు, ఇంటర్‌కూలర్ అన్నీ అవే పనికొస్తాయి కాబట్టి మారవలసినది టర్బో వైపు ఫ్లాంజ్ మాత్రమే. పాత ఫ్లాంజ్‌ను కోసి, కొత్త దానికి అట్ట మీద అచ్చు తీసి కోయించాము.

నీటి గొట్టాలను హీటరు దారి నుంచి తీసుకున్నాము. నీరు కింది నుంచి లోపలికి వెళ్లి పైనుంచి బయటికి వచ్చేలా, టర్బోను కొద్దిగా వాల్చి అమర్చాలి. ఇంజను ఆపిన తర్వాత పంపు తిరగకపోయినా వేడి నీరు పైకి లేచి చల్లని నీరు దాని చోటుకు వస్తుంది, బేరింగ్ దగ్గర నూనె బొగ్గు కాదు. స్టడ్లకు రాగి పూత నట్లు వాడాము, మామూలు నట్లు ఆ వేడికి మరతో అతుక్కుపోతాయి.

మొదటి కొలతలు:

2000 ఆర్‌పీఎం: బూస్ట్ 0.14 బార్.
2600 ఆర్‌పీఎం: బూస్ట్ 0.37.
3000 ఆర్‌పీఎం: బూస్ట్ 0.44.
4500 ఆర్‌పీఎం: బూస్ట్ 0.49.
5800 ఆర్‌పీఎం: బూస్ట్ 0.61, వెనుక ఒత్తిడి 0.72.

కేపీ35తో పోలిస్తే బూస్ట్ నాలుగైదు వందల ఆర్‌పీఎం ఆలస్యంగా వస్తోంది, ట్రాక్ మీద అది లెక్కలోకి రాదు. వెనుక ఒత్తిడి సగానికి పడిపోయింది. కానీ మేము పెట్టుకున్న 0.45 హద్దును అది దాటుతోంది. ఆక్చుయేటరు లోపమని తోచవచ్చు. కడ్డీని విప్పి, వేస్ట్‌గేట్ మూతను పూర్తిగా తెరిచి తీగతో కట్టి నడిపినా 5800 దగ్గర 0.57 వచ్చింది. కాబట్టి ఆక్చుయేటరుకు సంబంధం లేదు, వేస్ట్‌గేట్ దారే చాలడం లేదు. కంపెనీ కారులోని క్యాటలిటిక్ కన్వర్టరు, సైలెన్సరు ఇచ్చే అడ్డు మా రెండు అంగుళాల ఖాళీ పైపులో లేదు కాబట్టి టర్బైన్ అంతకన్నా బలంగా తిరుగుతోంది.

మార్పు ఇలా చేశాము:

1. టర్బైన్ హౌసింగ్ విప్పి, వేస్ట్‌గేట్ రంధ్రానికి వెళ్లే దారిలోని పదునైన మలుపును డై గ్రైండరుతో గుండ్రంగా చేశాము.
2. రంధ్రం వ్యాసాన్ని 1.5 మి.మీ. పెంచాము. మూత ఆనే అంచు చుట్టూ కనీసం 2 మి.మీ. మిగిలేలా చూసుకున్నాము.
3. మూతను గ్రైండింగ్ పేస్టుతో రుద్ది, కిరసనాయిలు పోసి కారదని నిర్ధారించుకున్నాము.
4. మూత పూర్తిగా తెరుచుకునేటప్పుడు డౌన్‌పైపు (టర్బో దాటిన ఎగ్జాస్ట్‌ను తీసుకుపోయే గొట్టం) గోడకు తగులుతోంది. ఆ గోడను 8 మి.మీ. వెడల్పు చేశాము.

నాలుగవ అంశాన్ని చాలామంది చూడరు. మూత సగమే తెరుచుకుంటే రంధ్రాన్ని ఎంత పెంచినా ఫలితం ఉండదు.

తర్వాతి కొలతలు: 3000 దగ్గర 0.43, 4500 దగ్గర 0.44, 5800 దగ్గర 0.47. వెనుక ఒత్తిడి 5800 దగ్గర 0.62. బయట 36 డిగ్రీలు ఉండగా 5500 దగ్గర కంప్రెసర్ దాటిన గాలి 98 డిగ్రీలు, అంటే సామర్థ్యం 64 శాతం. కాగితం మీద 65 అనుకున్నాము. ఇగ్నిషన్‌ను తగ్గించిన మూడు డిగ్రీలలో రెండు తిరిగి ఇవ్వగలిగాము.

ఈ దశ ఖర్చు: టర్బో 16,500, ఫ్లాంజ్, వెల్డింగ్ 2,300, నీటి గొట్టాలు 1,250, స్టడ్లు, నట్లు, గాస్కెట్లు 1,150, వేస్ట్‌గేట్ పని 700.
ఇప్పటివరకు మొత్తం: 58,450.

దశ 7: డైనో, ఇంకా మిగిలిన పని

టర్బోకు ముందు ఇదే కారు రోలర్ డైనో (కారు శక్తిని కొలిచే యంత్రం) మీద చక్రాల దగ్గర 66 పీఎస్ ఇచ్చింది. ఇప్పుడు 5700 ఆర్‌పీఎం దగ్గర 87 పీఎస్, గాలి, ఇంధన నిష్పత్తి 11.8. ఈ నిష్పత్తిని ఇంకా పలుచన చేస్తే రెండు మూడు పీఎస్ రావచ్చు గానీ పాత పిస్టన్ల మీద ఆ ప్రయత్నం చేయము. డైనో అద్దె 3,000.
ఇప్పటివరకు మొత్తం: 61,450. మిగిలినది: 3,550.

ట్రాక్ మీద నడిపిన తర్వాత గేజి పెట్టి మళ్లీ చూస్తే పొడవాటి కదలిక 0.05 దగ్గరే ఉంది. మ్యానిఫోల్డులో రెండు, మూడు సిలిండర్ల గొట్టాలు కలిసే చోట వెల్డు పక్కన సన్నని గీత కనబడింది. ఆ చోట త్రికోణపు పట్టీ వేసి మళ్లీ వెల్డు చేయించాలి, టర్బో బరువు మ్యానిఫోల్డు మీద పడకుండా బ్లాకు నుంచి ఒక ఆధారపు బ్రాకెట్టు పెట్టించాలి. మిగిలిన డబ్బు ఈ రెండింటికీ, నూనె మార్పుకూ సరిపోతుంది.